నాలుగు తీగల చేతికి అయిదో తీగ

(బేస్ గిటార్ నేర్చుకుంటున్న యువతీయువకుల కార్యశాలలో చేసిన ప్రసంగ పాఠం)

నమస్కారం. వెనక గోడకు ఆనుకుని నిలబడినవాళ్లు దయచేసి ముందుకు వచ్చి కూర్చోండి. మర్యాద కోసం చెప్పడం లేదు. ఈ రోజు మీరు వినబోయే శబ్దం గోడ దగ్గర ఒక రకంగా, గది మధ్యలో ఒక రకంగా ఉంటుంది. ఎందుకో తరువాత చెబుతాను.

ఇక్కడ రెండు వాద్యాలున్నాయి. ఈ నల్లది నాలుగు తీగల బేస్. దీనితో పంతొమ్మిదేళ్లు కాపురం చేశాను. పెళ్లి విందులు, దసరా పందిళ్లు, వినాయక చవితి కచేరీలు, ఒకటేమిటి, అన్నీ దీనితోనే. ఈ చెక్క రంగుది అయిదు తీగలది, తరువాత వచ్చింది. అయిదు తీగల బేస్ ఎలా వాయించాలో చెప్పమని నిర్వాహకులు అడిగారు. ఆ తీగను వాయించడం నేర్పడానికి ఒక పూట చాలునని వాళ్లకు చెప్పాను. దాన్ని మోగకుండా ఉంచడం నేర్చుకోవడానికి నాకు ఏడాది పట్టింది. కాబట్టి ఈ గంటలో ఎక్కువ భాగం ఆ మోగకుండా ఉంచడానికే.

ముందు నా పరువు పోయిన కథ చెబుతాను, అప్పుడు మీరు భయం లేకుండా ప్రశ్నలు అడుగుతారు.

ఈ గిటార్ కొన్న నాలుగో రోజున కాకినాడ దగ్గర ఒక పెళ్లి విందులో కచేరీ. ఇంట్లో మూడు రోజులు సాధన చేశాను, అంతా బాగానే ఉంది. తీగ ఎక్కువైతే ఏమయింది, కింది నాలుగూ పాతవే కదా అనుకున్నాను. మొదటి పాట అయిదు శ్రుతిలో, అంటే ‘జి’లో. పల్లవి మొదలు కాగానే నా ఎడమ చేయి అలవాటుగా అన్నిటికన్నా పైనున్న లావు తీగ మూడో ఫ్రెట్, అదే మూడో మెట్టు, మీద వాలింది. పంతొమ్మిదేళ్లుగా అక్కడ షడ్జమమే ఉండేది. ఆ రోజు అక్కడ పంచమం ఉంది.

అపస్వరమైతే నాకు వెంటనే తెలిసిపోయేది. పంచమం షడ్జమానికి దగ్గరి చుట్టం, పిలవకుండా వచ్చి కూర్చున్నా ఎవరూ అడగరు. పాట కింద నేల కాస్త కదిలినట్లు ఉంటుంది, అంతే. గాయని రెండుసార్లు వెనక్కి తిరిగి చూశారు. నేను మధ్యమం కోసం పక్క తీగకు వెళ్తే అక్కడ షడ్జమం పలికింది. చెయ్యంతా ఒక తీగ పక్కకు జరిగిపోయిందన్న మాట. కీబోర్డు వాయించే తమ్ముడు నా వైపు వంగి, “అన్నా, మీరు ఎవరింట్లో ఉన్నారు?” అని అడిగాడు. అప్పటికి విషయం అర్థమయింది. “పక్కింట్లో” అన్నాను. (నవ్వులు)

ఇందులో తప్పు చెవిది కాదు. చెయ్యి తీగలను పేర్లతో గుర్తుపెట్టుకోదు, పైనుంచి లెక్కపెట్టుకుంటుంది. మొదటిది, రెండోది, మూడోది. ఇప్పుడు పైన కొత్తవాడు వచ్చి కూర్చున్నాడు, లెక్క మొత్తం మారింది. మీ ఇంటికి పైన ఇంకో అంతస్తు కడితే మెట్లెక్కే కాళ్లు కొన్నాళ్లు తప్పు తలుపు ముందు ఆగుతాయి కదా, అలాంటిదే. దీనికి నేను చేసిన వైద్యం మొరటుది. నాలుగు తీగల దాన్ని పెట్టెలో పెట్టి, తాళం వేసి, తాళంచెవి మా ఆవిడకిచ్చాను. నలభై రోజులు, మండల దీక్ష. రెండూ మార్చి మార్చి వాయిస్తే చేయి త్వరగా తేడా పట్టుకుంటుందని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. పాత తలుపు తెరిచి ఉన్నంత కాలం కాళ్లు అటే వెళ్తాయి. దీక్ష ముగిశాక ఏది వాయించినా ఫరవాలేదు. నేను ఇప్పటికీ రెండూ వాయిస్తాను, నెక్, అంటే గిటార్ మెడ, వెడల్పు అరచేతికి తగలగానే చేయి తనంతట తానే సర్దుకుంటుంది.

ఇంతకీ ఈ తీగ వల్ల వచ్చేదేమిటి? లెక్కకు చూస్తే కొత్తగా దొరికే స్వరాలు అయిదే. నాలుగు తీగల బేస్‌లో లావు నుంచి సన్నం దాకా తీగలు ‘ఇ’, ‘ఎ’, ‘డి’, ‘జి’, అన్నిటికన్నా కింది స్వరం ‘ఇ’, సెకనుకు 41 కంపనలు. అయిదో తీగ ‘బి’, 31కి కాస్త తక్కువ. ఆ మధ్యలో ఉన్నవి ‘సి’, ‘సి షార్ప్’, ‘డి’, ‘డి షార్ప్’. పెద్ద ఖర్చు పెట్టి అయిదు స్వరాలు కొనుక్కోవడమా అని మా నాన్నగారు అడిగారు. నేను హార్మోనియం ముందు కూర్చోబెట్టి చూపించాను. ఆ నాలుగూ మన లెక్కలో ఒకటి, ఒకటిన్నర, రెండు, రెండున్నర శ్రుతులు. మన మగ గాయకుల్లో చాలామంది పాడేది అక్కడే కదా!

ఒకటో శ్రుతిలో, అంటే ‘సి’లో ఒక కీర్తన అనుకోండి. నాలుగు తీగల బేస్‌లో షడ్జమం ‘ఎ’ తీగ మూడో ఫ్రెట్. అక్కడి నుంచి కిందికి దిగుతాను, వినండి. స, ని, ద, ప, మ, గ. (వాయించారు.) అయిపోయింది. ఇంకా రి, స మిగిలాయి, తీగ మిగల్లేదు. బావి మెట్లు దిగుతుంటే నీటికి రెండు మెట్ల ముందు మెట్లు అయిపోయినట్లు. ఇన్నేళ్లూ మనం ఏం చేశాం? ‘గ’ దగ్గర గిరుక్కున తిరిగి పై షడ్జమానికి ఎగిరాం. ఆ ఎగరడం ఎంత అలవాటయిందంటే అదే శైలి అనుకున్నాం. ఇప్పుడు దీని మీద వినండి. (వాయించారు.) ఆ చివరి షడ్జమం దగ్గర గాయకుడికి కాళ్లు నేలకు ఆనుతాయి.

ఇది మనకు తెలియని సంగతేమీ కాదు. వీణకు మెట్ల మీద వాయించే తీగలు నాలుగు. సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం. అనుమంద్రం మీద చేయి పడేది అరుదు, కానీ అది లేని వీణను ఎవరూ కొనరు. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు ఎలక్ట్రిక్ మాండలిన్‌ను చేతిలోకి తీసుకుని, జంట తీగలు తీసేసి ఒంటి తీగలు వేయించుకుని, చివరకు అయిదు తీగల దానితో కర్ణాటక సంగీతం పలికించారు. కింది స్థాయి అందకపోతే ఆలాపన సాగదు. ఆయన వాయించింది తారస్థాయి వాద్యం, మనది అట్టడుగుది, కానీ ఇద్దరికీ వచ్చిన ఇబ్బంది ఒకటే.

చరిత్ర రెండు మాటల్లో. గిటార్లు తయారుచేసే లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్‌ను అమ్మకానికి తెచ్చినప్పుడు నిలువుగా నిలబెట్టి వాయించే డబుల్ బేస్ శ్రుతినే దానికి పెట్టాడు, అందుకే నాలుగు తీగలు. 1965లో అదే కంపెనీ అయిదు తీగల బేస్ తెచ్చింది, కానీ అయిదో తీగను మంద్రం వైపు కాక తారం వైపు వేసింది, హెచ్చు ‘సి’. ఫ్రెట్లు పదిహేనే. ఎవరికీ నచ్చలేదు, కొన్నేళ్లకే ఆపేశారు. 1975లో బేస్ వాద్యకారుడు ఆంటొనీ జాక్సన్ కోసం గిటార్లు చేసే కార్ల్ థాంప్సన్ ఆరు తీగల బేస్ చేశాడు, అందులో కింది ‘బి’ ఉంది. మరుసటి ఏడాది ఇంకో వాద్యకారుడు జిమ్మీ జాన్సన్ అలెంబిక్ కంపెనీ అయిదు తీగల బేస్‌కు ‘బి’ తీగ వేసుకున్నాడు. అయినా మిగతా లోకం కదల్లేదు. దాన్ని కదిలించింది సింథసైజర్. 1980లలో కీబోర్డు ఎడమచేతితో ‘డి’, ‘సి’ దాకా దిగిపోతుంటే రికార్డింగ్‌లో బేస్ వాద్యకారుడు చేతులు కట్టుకుని కూర్చోవలసి వచ్చింది. 1987లో మ్యూజిక్ మ్యాన్ కంపెనీ స్టింగ్‌రే అయిదు తీగలది వచ్చేనాటికి అది వింత వస్తువు కాదు, పనిముట్టు. ఒక కీబోర్డు వల్ల పొట్టకు దెబ్బ తగిలితే పుట్టిన తీగ ఇది. అయితే బేస్ దిగ్గజాలు జేమ్స్ జేమర్సన్‌కు, జాకో పాస్టోరియస్‌కు నాలుగే చాలాయని కూడా మరవకండి. ఎవరైనా మిమ్మల్ని నాలుగు తీగలవాడని చిన్నచూపు చూస్తే ఆ రెండు పేర్లు చెప్పండి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఆంప్ శబ్దం కాస్త పెంచండి. అందరూ నా కుడి చేతిని చూడండి.

‘ఎ’ తీగ రెండో ఫ్రెట్ నొక్కి మీటుతున్నాను. (వాయించారు.) ఇప్పుడు ఆ తీగను అరచేత్తో ఆపేశాను. ఎడమ చేయి కూడా తీశాను. వింటున్నారా? ఇంకా మోగుతోంది. ఎవరు మోగిస్తున్నారు? నేను ముట్టుకోని ఈ లావు తీగ. నేను వాయించిన స్వరం 62 కంపనలు, దీనిది 31. సరిగ్గా రెట్టింపు కాబట్టి ఇది ఊగింది. ‘ఎఫ్ షార్ప్’ వాయించినా ఊగుతుంది, అది మూడు రెట్లు. డ్రమ్స్ వాయించేవాడు పెద్ద డ్రమ్ము తొక్కితే ఊగుతుంది. కీబోర్డు స్పీకర్ దగ్గర నిలబడితే ఊగుతుంది. సితార్‌కు తరఫ్ తీగలుంటాయి, అవి ఇలా తమంతట తాము మోగడం అందం. ఇక్కడ అది బురద. నా మొదటి నెలలో ప్రతి ఊళ్లోనూ సౌండ్ అబ్బాయి, “సార్, ఎక్కడో గుర్రుమంటోంది” అని వైర్లు మారుస్తూ ఉండేవాడు. గుర్రుమంటున్నది నా కడుపు మీదే ఉందని తెలియడానికి కొంతకాలం పట్టింది.

దీన్ని ఆపవలసింది ఎక్కువగా కుడిచేతి బొటనవేలు. నాలుగు తీగల దానిలో నా బొటనవేలు పికప్, అంటే తీగల కింద శబ్దాన్ని పట్టే పట్టీ, మీద ఇల్లు కట్టుకుని పంతొమ్మిదేళ్లు కదల్లేదు. ఇప్పుడు దానికి సంచార జీవితం. ‘బి’ తీగను మీటేటప్పుడు మాత్రమే పికప్ మీద. ‘ఇ’ తీగకు వచ్చానా, బొటనవేలు ‘బి’ తీగ మీద వాలుతుంది. ఊరికే తగలడం కాదు, కూర్చోవాలి. ‘ఎ’ తీగకు వచ్చానా, బొటనవేలు ‘ఇ’ మీదికి దిగుతుంది, దాని వెనక భాగం ‘బి’ని తాకుతూనే ఉంటుంది. ‘డి’కి వస్తే ‘ఎ’ మీద, అప్పుడు పైనున్న రెండు తీగల మీదా బొటనవేలు ఒరిగి పడుకుంటుంది. మంచం మీద పసివాణ్ని నిద్రపుచ్చుతూ తల్లి చేయి వేసినట్లు, బరువు లేకుండా, కానీ తీయకుండా. (వాయించి చూపించారు.) మీటిన వేలు కూడా గాలిలోకి పోకుండా పై తీగకు తగిలి ఆగాలి, సగం పని అదే చేస్తుంది. ఎడమచేతి చూపుడువేలి కొసను పక్కనున్న లావు తీగకు తగిలించి ఉంచితే ఇంకో కాపలా.

మీలో చాలామంది సన్న తీగల వైపు వెళ్లేటప్పుడు బాగానే చేస్తారు. తప్పు జరిగేది తిరిగి వచ్చేటప్పుడు. బొటనవేలు ‘ఎ’ నుంచి ‘ఇ’కి, ‘ఇ’ నుంచి ‘బి’కి జరిగేటప్పుడు ఒక్క క్షణం లేస్తుంది, ఆ లేవడమే ‘బి’ని మీటుతుంది. లేపకండి, జార్చండి. నిమిషానికి 60 తాళం పెట్టుకుని, ఒక స్వరాన్ని కింది స్థాయిలో, పై స్థాయిలో మార్చి మార్చి వాయించి ఫోనులో రికార్డు చేయండి. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని స్వరాలను వదిలేసి, స్వరాల మధ్య ఖాళీని వినండి. నా మొదటి రికార్డింగు వింటే ఖాళీయే కనిపించలేదు, గోదావరి వరద హోరులా ఉంది.

బొటనవేలితో కొట్టి వాయించే శైలి, అదే స్లాప్, ఇష్టపడేవారికి ఇంకో చిక్కు. ఇంతకుముందు ‘ఇ’ తీగకు పైన ఆరుబయలు ఉండేది, ఎంత గట్టిగా కొట్టినా అడ్డు లేదు. ఇప్పుడు అక్కడ ‘బి’ ఉంది. పైగా తీగల మధ్య దూరం తగ్గుతుంది. నాలుగు తీగల ఫెండర్‌లో తీగలు కింద ఆనే బ్రిడ్జి దగ్గర 19 మిల్లీమీటర్లు, అయిదు తీగల వాటిలో చాలావరకు 16.5 నుంచి 19 లోపు. రెండు మిల్లీమీటర్లు ఎంత అని నవ్వకండి. చెప్పు సైజు ఒక అంకె తేడా వస్తే నడిచి చూడండి.

కొనేటప్పుడు ఏం చూడాలి? ఈ వాద్యం బలహీనత ఆ తీగలోనే ఉంది. ‘ఇ’ తీగ మందం సాధారణంగా అంగుళంలో వెయ్యికి 105 వంతులు. అదే పొడవులో, అదే బిగువుతో ‘బి’ పలకాలంటే 140 కావాలి. కానీ సెట్లలో వచ్చేది ఎక్కువగా 125 నుంచి 135 లోపే, ఎందుకంటే మరీ లావైతే తీగ తీగలా కాక ఇనుప కడ్డీలా ప్రవర్తిస్తుంది, అసలు స్వరంతో పాటు పలికే పై ధ్వనులు శ్రుతి తప్పుతాయి. అందువల్ల ‘బి’ ఎప్పుడూ మిగతావాటికన్నా కాస్త వదులే. ఆ వదులు తగ్గించడానికి కొందరు మామూలు 34 అంగుళాలకు బదులు 35 అంగుళాల పొడవుతో చేస్తారు. కెనడాలో డింగ్‌వాల్ వాళ్లు ఫ్రెట్లను విసనకర్రలా వాల్చి ‘బి’ తీగ ఒక్కదానికే 37 అంగుళాలు ఇస్తారు.

దుకాణంలో ఒక్క పరీక్ష చేయండి. ‘బి’ తీగ అయిదో ఫ్రెట్, తరువాత ఖాళీ ‘ఇ’ తీగ, ఒకదాని వెంట ఒకటి. రెండూ ఒకే స్వరం. ఒకే మనిషి గొంతులా వినిపిస్తే కొనండి. ఒకటి మనిషి, ఇంకొకటి దుప్పటి కప్పుకున్న మనిషి అయితే పెట్టేయండి, అమ్మేవాడు ఎంత తగ్గించినా సరే. భుజానికి తగిలించుకుని చేతులు రెండూ వదిలేసి కూడా చూడండి. అయిదు తీగలకు అయిదు మరలు కాబట్టి తల బరువు, నెక్ నేల చూపులు చూస్తే రాత్రంతా ఎడమచేత్తో మోయవలసింది మీరే.

డబ్బు పెట్టే ముందు కిందికి దిగడం మీకు నిజంగా అవసరమో కాదో తెలుసుకునే చవక మార్గం ఒకటుంది. అయిదు తీగల సెట్ కొని, సన్న ‘జి’ పక్కన పెట్టి, మిగతా నాలుగింటినీ మీ పాత బేస్‌కు వేయండి. బి, ఇ, ఎ, డి. నెక్ చివర తీగలు ఆనే నట్‌లో గాడి లావు తీగకు సరిపోదు, కొంచెం ఆకురాయితో రుద్దించాలి, నెక్ సర్దించాలి. పై స్వరాలు పోతాయి. నేను కాకినాడ వెళ్లకముందు ఈ పని చేసి ఉంటే పక్కింట్లో దూరేవాణ్ని కాదు.

గోడ సంగతి చెబుతానన్నాను. 31 కంపనల శబ్ద తరంగం పొడవు 11 మీటర్లు. అయిదున్నర మీటర్ల వెడల్పున్న గదిలో సరిగ్గా సగం తరంగం ఇముడుతుంది. అప్పుడు గోడల దగ్గర హోరు, నడుమ ఖాళీ. వేదిక మీద మీకు వినిపించేది చూసి మీట తిప్పితే మూడో వరుసలో ఉన్న పెద్దాయన గుండె పట్టుకుంటాడు. ఇంకో సంగతి. మన పందిళ్లలో వచ్చే స్పీకర్లలో చాలావాటికి 40 కిందికి దిగే శక్తి లేదు, ఫోను సంగతి సరే. మరి ‘బి’ ఎలా వినిపిస్తోంది? దాని పై ధ్వనులు 62, 93 వినిపిస్తాయి, వాటిని బట్టి అడుగు స్వరాన్ని మెదడే పూరించుకుంటుంది. కాబట్టి ఆంప్ మీద బాస్ మీట తిప్పడం దండగ, మధ్య ధ్వనులు కాస్త పెంచండి, ‘బి’ స్పష్టమవుతుంది. నా మాట నమ్మకపోతే ఇంటికి వెళ్లి తిప్పి చూడండి.

ఇంతా చేసి ఆ తీగను ఎంత వాడతాను? రెండున్నర గంటల కచేరీలో ‘ఇ’ కన్నా కింది స్వరాలు ఇరవై, ముప్పై సార్లు. పల్లవికి తిరిగి వచ్చేచోట ఒకటి, పాట ముగింపులో ఒకటి. కానీ ఆ తీగను కిందికి దిగడానికి కన్నా చేయి కదపకుండా ఉండడానికే ఎక్కువ వాడతాను. అయిదో ఫ్రెట్ దగ్గర చేయి పెడితే ‘బి’ మీదే ‘ఇ’, ‘ఎఫ్’, ‘జి’ దొరుకుతాయి. అక్కడి నుంచి దాదాపు రెండు స్థాయిలు అందుతాయి, నాలుగు తీగలదైతే ఒకటిన్నర. సరళి వరుసలను ఖాళీ తీగ ముట్టకుండా ఆ ఒక్క చోటే సాధన చేయండి. మొదటి ఫ్రెట్ నుంచి ఏడో ఫ్రెట్‌కు పరుగులు తగ్గుతాయి. యాభై దాటిన నా మణికట్టు ఇందుకు రోజూ నాకు దండం పెడుతుంది.

ప్రశ్నలు ఏమైనా ఉన్నాయా? అమ్మాయి, నువ్వు అడుగమ్మా.

(చేతులు చిన్నవైతే అయిదు తీగలది వాయించడం కష్టమా అని ఒక విద్యార్థిని అడిగారు.)

మంచి ప్రశ్న. నీ చెయ్యి చూపించు. నా చేయి ఇంతకన్నా పెద్దదేమీ కాదు, చూడు. చిక్కు వేళ్ల పొడవులో లేదు, ఎడమ బొటనవేలు ఉండే చోట ఉంది. నాలుగు తీగల దానిలో చాలామంది దాన్ని నెక్ పైకి తొంగిచూసేలా పెడతారు, కర్ర పట్టుకున్నట్లు. అలా పెడితే వేళ్లు ‘బి’ దాకా వంగవు. బొటనవేలు నెక్ వెనక, మధ్యలోకి దించు. మణికట్టు మరీ మడత పడుతుంటే బెల్టు రెండు గళ్లు పైకి బిగించు. మొదటి రెండు వారాలు మొదటి ఫ్రెట్ జోలికి పోకు, అయిదో ఫ్రెట్ నుంచి మొదలుపెట్టు, అక్కడ ఫ్రెట్లు దగ్గరగా ఉంటాయి. ఇలా వేదిక మీదికి రా, దీన్ని భుజానికి తగిలించుకో. బరువుగా ఉంటుంది, చూసుకో. ఆ... నువ్వు ఇంకా ఏమీ వాయించలేదు, అప్పుడే మోగుతోంది, విన్నావా? బొటనవేలు వేయమ్మా, ‘బి’ మీద వేయి.